ట్యాంకు సినిమాలు బయటి నుంచి తీస్తారు, మేం లోపల కూర్చునేవాళ్లం

తమ్ముడూ, నువ్వు రెండు విషయాలు అడిగావు. ఈమధ్య వరసబెట్టి ట్యాంకు యుద్ధాల సినిమాలు చూశానని, వాటిలో నిజమెంత అన్నది ఒకటి. అగ్నివీర్‌గా ఎంపికైతే ట్యాంకుల దళమైన ఆర్మర్డ్ కోర్‌కి వెళ్లాలని ఉంది, ఇంట్లో అమ్మ భయపడుతోంది, అక్కడ జీవితం ఎలా ఉంటుంది అన్నది రెండోది.

నేను 1996లో సవార్‌గా చేరి 2013లో దఫేదార్‌గా బయటికొచ్చాను. ఆర్మర్డ్ కోర్ ఒకప్పటి గుర్రపు దళం కాబట్టి అక్కడ సిపాయిని సవార్ అని, హవల్దార్‌ని దఫేదార్ అని అంటారు. ఆ పదిహేడేళ్లలో ఎక్కువ భాగం టీ-72 ట్యాంకులో గన్నర్‌ని. ముందే చెప్పేస్తాను: రేంజిలో కాల్చిన రౌండ్లకి లెక్కలేదు గానీ, శత్రువు మీద ఒక్కటి కూడా కాల్చలేదు. నిజంగా కాల్చినవాళ్ల ముందు నేను చిన్నవాణ్ణి. అందుకని నేను చెప్పేదంతా ట్యాంకు లోపల మనిషి ఎలా ఉంటాడన్న దాని గురించే.

సినిమాల్లో నాకు మొదట తేడాగా అనిపించేది చూపు. కెమెరా ఎత్తు మీద నుంచి చూస్తుంటుంది. ట్యాంకులన్నీ దుమ్ము లేపుకుంటూ వస్తుంటాయి, మనవాళ్లెక్కడ, శత్రువెక్కడ అన్నది ప్రేక్షకుడికి అంతా తెలుసు. లోపల ఉన్నవాడికి అందులో పదో వంతు కూడా తెలీదు. టీ-72లో ముగ్గురం ఉంటాం. టరెట్‌లో, అంటే గన్‌తో పాటు తిరిగే పైభాగంలో, ఎడమవైపు గన్నర్, కుడివైపు కమాండర్, మధ్యలో గన్ వెనక భాగం. డ్రైవర్ కింద, ముందువైపు, ఒక్కడే. గన్ అడ్డం ఉంటుంది కాబట్టి పక్కనే ఉన్న కమాండర్ మొహం కూడా నాకు సరిగా కనిపించదు. నాకు కనిపించేదల్లా గురి చూసే సైటులోని ఒక గుండ్రటి బిళ్ల. అందులో రెండు కిలోమీటర్ల అవతల ఉన్న తుమ్మచెట్టు కొమ్మలు లెక్కపెట్టగలను, కానీ పది మీటర్ల పక్కన ఏముందో తెలీదు. డ్రైవర్‌కి దగ్గరి నేల కనిపిస్తుంది, దూరం కనిపించదు. కమాండర్ చుట్టూ చూడగలడు, అయితే హ్యాచ్, అంటే పైమూత, మూసుకున్నాక ఆయన చూపు కూడా సగమైపోతుంది. మూడు సగం చూపులు కలిపితే ఒక చూపు. ఆ కలపడమంతా ఇంటర్‌కామ్‌లో మాటలతోనే జరగాలి.

అందుకే సినిమాలో క్రూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకుంటుంటే నాకు అది ట్యాంకులా అనిపించదు. ఇంజిన్ నడుస్తుంటే హెడ్‌సెట్ లేకుండా అరిచినా వినపడదు. హెడ్‌సెట్‌లో మాట పొట్టిగా ఉండాలి. మా డ్రైవర్ తమిళుడు, కమాండర్ మలయాళీ, నేను తెలుగువాణ్ణి. ముగ్గురం మాట్లాడుకున్నది హిందీ, అది కూడా ఎవరికీ సరిగా రాని హిందీ. ఆరు నెలలు కలిసి తిరిగాక ఆ హిందీ కూడా అక్కర్లేకుండా పోయింది. కమాండర్ ఊపిరి పీల్చిన తీరుని బట్టి ఆయనకి ఏదో కనిపించిందని నాకు తెలిసిపోయేది.

కాల్చడం కూడా సినిమాలో ఒకలా, నిజంలో ఒకలా ఉంటుంది. తెర మీద ఒక కుర్రాడు బరువైన గుండు ఎత్తి గన్‌లోకి తోస్తుంటాడు. ఆ పద్ధతి చాలా ట్యాంకుల్లో నిజమే. టీ-72లో మాత్రం ఆ మనిషి లేడు, ఆ పని మెషీన్ చేస్తుంది. మా కాళ్ల కింద, టరెట్ అడుగున, 22 రౌండ్లు పట్టే గుండ్రటి పళ్లెం లాంటిది ఉంటుంది. రౌండు రెండు ముక్కలు: ముందు గుండు, వెనక మందు. బటన్ నొక్కగానే కింద ఆ పళ్లెం తిరుగుతుంది, గన్ తనంతట తాను ఒక కోణానికి వచ్చి ఆగుతుంది, కింది నుంచి అర పైకి లేస్తుంది, ముందు గుండుని, తర్వాత మందుని లోపలికి తోస్తుంది. ఖణేల్, ఖణేల్ అని రెండు చప్పుళ్లు. సుమారు 8 సెకన్లు పడుతుంది. నా కుడి మోచెయ్యికి జానెడు దూరంలో ఇదంతా జరుగుతుంటుంది. ట్రైనింగ్‌లో ఉస్తాద్ మాకు మొదట నేర్పింది గురి పెట్టడం కాదు, ఆ మోచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలన్నది.

కాల్చాక మందుగొట్టం దాదాపు మొత్తం కాలిపోతుంది, అడుగున ఉండే లోహపు గిన్నె ఒక్కటే మిగులుతుంది. తర్వాతి లోడింగ్‌లో టరెట్ వెనక చిన్న తలుపు తెరుచుకుని ఆ గిన్నె బయటికి ఎగిరి పడుతుంది. తలుపు తెరుచుకున్న ఆ క్షణంలో లోపలికి కాస్త వెలుగు, కాస్త గాలి వస్తాయి. మే నెలలో రాజస్థాన్‌లోని మహాజన్ రేంజిలో, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే ఎండలో, ఆ రెండు క్షణాల గాలి కోసం ఎదురుచూసిన రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. ఏ సినిమాలోనూ నాకది కనపడలేదు.

ఇక దూరం. సినిమాలో రెండు ట్యాంకులు వీధిలో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుంటాయి, గుండ్లు తగిలి పక్కకి జారిపోతుంటాయి, పావుగంట సాగుతుంది. మైదానంలో, ఎడారిలో అసలు పోరాటం కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో మొదలవుతుంది. ట్యాంకుని చీల్చడానికి వాడే బాణం లాంటి రౌండు సెకనుకి 1700 మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. అంటే రెండు కిలోమీటర్లు సెకను చిల్లరలో. ఎవరు ముందు చూశారు, ఎవరు ముందు కాల్చారు అన్న దగ్గరే మొత్తం తేలిపోతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ 1991 ఫిబ్రవరి 26. గల్ఫ్ యుద్ధంలో, ఇరాక్ ఎడారిలో, ఇసుక తుపానులో మెక్‌మాస్టర్ అనే కెప్టెన్ నాయకత్వంలో తొమ్మిది అమెరికన్ ట్యాంకులు 23 నిమిషాల్లో 28 ఇరాకీ ట్యాంకులని ధ్వంసం చేశాయి. వాళ్లవైపు ఒక్క ట్యాంకూ పోలేదు. వాళ్ల దగ్గర వేడిని చూసే థర్మల్ సైట్లు ఉన్నాయి, తుపానులో కూడా కనిపించింది. ఇరాకీల దగ్గర ఉన్నవాటిలో టీ-72లు ఉన్నాయి. క్లాసులో మాకు ఈ పోరాటం చెప్తున్నప్పుడు అందరూ అమెరికన్ల వేగం గురించి, సైట్ల గురించి ప్రశ్నలు అడిగారు. నా మనసు అటు పోలేదు. అవతల టీ-72లో ఎడమవైపు సీట్లో ఒకడు కూర్చుని ఉంటాడు కదా. నాలాగే మోకాళ్లు ముడుచుకుని, నాలాంటి బిళ్లకే కన్ను ఆనించి, పసుపురంగు దుమ్ము తప్ప ఏమీ కనపడక. మా పాత నైట్ సైటులో కూడా రాత్రిపూట కిలోమీటరు అవతల ఏమున్నా కనిపించేది కాదు. అతని పరిస్థితి నాకు చెప్పకుండానే అర్థమైంది. తర్వాత మన ట్యాంకులకి కూడా థర్మల్ సైట్లు అమర్చడం మొదలైనప్పుడు, మొదటిసారి అందులోంచి చీకట్లో పోతున్న నక్కని చూసి నేను చాలాసేపు మాట్లాడలేదు.

టీ-72 టరెట్ గాల్లోకి ఎగిరిపడ్డ వీడియోలు నువ్వూ చూసే ఉంటావు. కారణం పైన చెప్పిందే, ఆ మందంతా మనిషి కూర్చునే చోటే ఉంటుంది. మంట అక్కడికి చేరితే ఆలస్యం ఉండదు. కొన్ని పశ్చిమ దేశాల ట్యాంకుల్లో రౌండ్లలో చాలావాటిని టరెట్ వెనక విడి అరలో పెట్టి, పేలుడు పైకి పోయేలా పైన పలకలు అమరుస్తారు. మాకు అది లేదు. తెలిసే కూర్చునేవాళ్లం.

మన సినిమాల సంగతికొస్తే, అందరూ అడిగేది లోంగేవాలా పోరాటం మీద తీసిన 'బోర్డర్' గురించే. 1997లో అది వచ్చినప్పుడు నేను అహ్మద్‌నగర్‌లో, ఆర్మర్డ్ కోర్ సెంటర్‌లో ట్రైనింగ్ పూర్తిచేసుకుని రెజిమెంట్‌కి కొత్తగా వచ్చాను. బ్యారక్‌లో అందరం ఏడ్చాం. ఆ సినిమా మీద నాకు ఇష్టం పోలేదు, పోదు కూడా. కానీ ఒక్క విషయం చెప్పాలి. 1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోస్టులో మేజర్ కుల్‌దీప్‌సింగ్ చాంద్‌పురి దగ్గర ఉన్నది సుమారు 120 మంది. ట్యాంకులతో వచ్చిన శత్రువుని వాళ్లు తెల్లారేదాకా ఆపారు. తెల్లారాక జైసల్మేర్ నుంచి మన హంటర్ యుద్ధవిమానాలు వచ్చాయి. ఆ పోరాటంలో మనవైపు ప్రాణాలు పోయింది ఇద్దరికి. సినిమాలో మాత్రం ముఖ్యమైన పాత్రలు ఒకదాని తర్వాత ఒకటి చనిపోతాయి. బీఎస్‌ఎఫ్ జవాను భైరోసింగ్ రాథోడ్ పాత్ర కూడా. నిజం భైరోసింగ్ గారు ఆ పోరాటం తర్వాత యాభై ఏళ్లకి పైగా బతికారు, 2022 డిసెంబర్‌లో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. తెర మీద తన చావు చూసుకుని, జనం దానికి ఏడవడం చూసి, ఆయన ఎన్నేళ్లు గడిపి ఉంటారో ఆలోచించు.

120 మంది నిలబడి ఇద్దరిని మాత్రమే పోగొట్టుకోవడం సైన్యంలో చాలా గొప్ప పని. కందకాలు బాగా తవ్వారు, తొందరపడి కాల్చలేదు, జాగా వదల్లేదు. అది చూపిస్తే ధైర్యం తగ్గినట్టు అవుతుందని ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు. చనిపోతేనే వీరుడన్న ఆలోచన మీ వయసు పిల్లల్లోకి సినిమాల నుంచే వస్తోంది. మాకు అక్కడ నేర్పింది పని పూర్తిచేసి ముగ్గురూ తిరిగి రావడం.

లోంగేవాలాలో విమానాల నుంచి తీసిన ఒక ఫోటో ఉంది. ఇసుక మీద ట్యాంకులు తప్పించుకోవడానికి గుండ్రంగా, వంకరటింకరగా తిరిగిన జాడలు. దాన్ని గెలుపు గుర్తుగా అందరూ చూస్తారు, అది గెలుపే. ట్యాంకు మనిషిగా నాకు అందులో డ్రైవర్లు కనిపిస్తారు. పైన ఏముందో కనపడకుండా, హెడ్‌సెట్‌లో కమాండర్ అరుపుని బట్టి ఎడమకీ కుడికీ తిప్పినవాళ్లు.

విదేశీ సినిమాల్లో రెండింటి గురించి చెప్తాను. 'ఫ్యూరీ' 2014లో వచ్చింది. అందులో జర్మన్ టైగర్ ట్యాంకు అసలైనది. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం వాళ్లది, 1943లో ట్యునీషియాలో దొరికింది. క్రూలో ఆ మురికి, ఆ ఇరుకు, ఒకరి మీద ఒకరికి ఉండే విసుగు, ప్రేమ బాగా పట్టుకున్నారు. కానీ మంచి చాటున నిలబడి ఉన్న టైగర్ ఆ చాటు వదిలి ఎదురు వస్తుంది చూడు, ఏ ట్యాంకు కమాండరూ ఆ పని చెయ్యడు. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులని ఎలా ఆపారు? పొలాల్లోకి నీళ్లు వదిలి, చెరకు తోటల్లో దాక్కుని, దగ్గరికి వచ్చేదాకా ఓపిక పట్టి. ఆ ఓపికని తీయగల డైరెక్టర్ కోసం నేను చూస్తున్నాను. పాత సినిమాల్లో జర్మన్ ట్యాంకులకి బదులు వేరే ట్యాంకులు పెట్టారని కొందరు గోల చేస్తుంటారు. అది నాకు పెద్ద తప్పు కాదు, దొరికినవాటితో తీస్తారు.

రెండోది 'లెబనాన్', 2009. దర్శకుడు శామ్యూల్ మావోజ్ 1982 లెబనాన్ యుద్ధంలో స్వయంగా ట్యాంకు గన్నర్. మొదటి, చివరి దృశ్యాలు తప్ప సినిమా అంతా ట్యాంకు లోపలే. బయటి ప్రపంచం గన్నర్ సైటులోంచి మాత్రమే కనిపిస్తుంది. మొదటిసారి కాల్చాల్సి వచ్చినప్పుడు ఆ గన్నర్ వేలు కదలదు, దానివల్ల తన వైపు సైనికుడే చనిపోతాడు. ఆ దృశ్యం దగ్గర నేను ఆపేసి, మర్నాడు మిగతాది చూశాను. నువ్వు ఒక్క సినిమా చూసి నిర్ణయం తీసుకోవాలంటే ఇదే చూడు. అమ్మకి మాత్రం చూపించకు.

ఇప్పుడు నా కథ. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. కొద్దిరోజుల్లోనే మా రెజిమెంట్‌కి కదలమని ఆర్డర్ వచ్చింది. 45 ట్యాంకులు రైలెక్కాయి. వ్యాగన్ మీద రెండువైపులా జాగా ఉండదు, డ్రైవర్ ముందు నిలబడ్డవాడి చేతి సైగలు తప్ప ఏమీ చూడకుండా ఎక్కించాలి. అప్పటి నుంచి 2002 అక్టోబర్ దాకా రాజస్థాన్ ఇసుకలో సరిహద్దు దగ్గర. దాన్నే ఆపరేషన్ పరాక్రమ్ అన్నారు. రౌండ్లు లోడై ఉన్నాయి. పది నెలలు. యుద్ధం రాలేదు.

ఆ పది నెలల్లో మేం చేసిందంతా మెయింటెనెన్స్. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి వినడం, బ్యాటరీలు, ఆయిల్, ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీ) బిగువు చూడటం. ఎడారిలో ట్యాంకుని చంపేది ధూళి. ఎయిర్ క్లీనర్ కేసెట్లు విప్పి డీజిల్‌లో కడిగి, ఆరబెట్టి, ఆయిల్‌లో ముంచి మళ్లీ బిగించాలి. బిగించి వెనక్కి తిరిగేసరికి ఇసుక గాలి లేచేది. గన్ గొట్టం ఆరు మీటర్లు. పొడుగాటి కర్రకి బ్రష్ కట్టి, పక్క ట్యాంకుల వాళ్లు కూడా వచ్చి వరసగా నిలబడి, ఒకే ఊపులో తోసి లాగేవాళ్లం. ఒకసారి మధ్యాహ్నం ఇసుక దిబ్బ ఎక్కుతుంటే ట్రాక్ ఊడింది. ముగ్గురం బోర్లా పడుకుని చక్రాల మధ్య ఇసుక చేతులతో తోడాం. పిన్నుని పెద్ద సుత్తితో కొడుతుంటే మా డ్రైవర్ అరచేతి చర్మం ఊడి సుత్తి కర్రకి అంటుకుంది. అతను గుడ్డ చుట్టుకుని మళ్లీ కొట్టాడు. సాయంత్రానికి ట్యాంకు కదిలింది.

ఆ ఏడాది మే 14న జమ్మూలో కాలూచక్ దాడి జరిగింది. సైనికుల కుటుంబాలు ఉన్న క్వార్టర్ల మీద. ఆ తర్వాత రెండు వారాలు ప్రతి రాత్రీ రేపే అనుకున్నాం. ఒక సాయంత్రం మా కమాండర్ మమ్మల్నిద్దర్నీ పిలిచి, ముగ్గురి ఇళ్ల అడ్రస్‌లు ముగ్గురి డైరీల్లోనూ రాయించాడు. ఎందుకని మేం అడగలేదు. డ్రైవర్ తన అడ్రస్ తమిళంలో రాస్తే, చదవడం రాదని నేను దాన్ని తెలుగు అక్షరాల్లో మళ్లీ రాసుకున్నాను. ఆ డైరీ ఇంకా నా దగ్గర ఉంది.

ఆ పది నెలల్లో మందుపాతరలు పరుస్తూ, తర్వాత వాటిని తీస్తూ చాలామంది మనవాళ్లు చనిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు. యుద్ధం జరగలేదు కాబట్టి వాళ్ల పేర్లు ఎవరికీ తెలీవు. వాళ్ల మీద ఒక సినిమా వస్తే నేను మొదటి టికెట్ కొంటాను.

సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ గారి గురించి నువ్వు చదివే ఉంటావు. 1971 డిసెంబర్ 16, బసంతర్ పోరాటం, వయసు 21, పరమవీర చక్ర. ఆయన సెంచూరియన్ ట్యాంకు పేరు 'ఫమగుస్తా'. మంటలంటుకున్న ట్యాంకు వదిలి రమ్మని రేడియోలో చెప్తే, గన్ ఇంకా పనిచేస్తోంది, రానన్నారు. రిక్రూట్‌గా ఇది విన్నప్పుడు నాకు ఆయన ధైర్యం ఒక్కటే కనిపించింది. పరాక్రమ్ తర్వాత మళ్లీ విన్నప్పుడు ఆ 'గన్ పనిచేస్తోంది' అన్న మాట దగ్గర ఆగిపోయాను. అన్ని దెబ్బలు తిన్నాక కూడా పనిచేసిందంటే, దాన్ని తుడిచి, నూనె రాసి, సరిచూసిన చేతులు ఆ ట్యాంకులో ఉన్నాయి. అందులో ఆయనతో కలిపి నలుగురు.

ఇక నీ రెండో ప్రశ్న. అగ్నిపథ్ పద్ధతిలో నాలుగేళ్లు. తర్వాత నాలుగోవంతు మంది దాకా మాత్రమే ఉంచుకుంటారు, మిగతావాళ్లు సేవానిధి పేరుతో ఒకేసారి ఇచ్చే సుమారు 11.71 లక్షల రూపాయలతో బయటికొస్తారు. నేను పదిహేడేళ్లు ఉన్నాను కాబట్టి నాలుగేళ్ల జీవితం గురించి గట్టిగా మాట్లాడను. ఒక్కటి మాత్రం నాకు తెలుసు, క్రూ కుదరడానికే మాకు ఏడాది పట్టేది. శరీరం సంగతి: నా కుడి చెవిలో ఇప్పటికీ గుయ్యిమంటుంది, నడుము పొద్దున్నే వంగదు. హెడ్‌సెట్ పెట్టుకోకుండా ఇంజిన్ దగ్గర నిలబడకు, పక్కవాడు నవ్వినా సరే. పొడగరివైతే టీ-72 చాలా కష్టం. నేను అయిదడుగుల నాలుగంగుళాలు, నాకే మోకాళ్లు తగిలేవి.

ప్రాణాలు కాపాడే సంగతులు ఏ సినిమాలోనూ ఉండవు కాబట్టి చెప్తున్నాను. ట్యాంకు కింద ఎప్పుడూ పడుకోకు, ఎంత ఎండైనా, ఎంత చలైనా. మెత్తటి నేలలో 41 టన్నుల బరువు రాత్రికి రాత్రి కుంగుతుంది. హ్యాచ్ తలుపుకి లాక్ పడిందో లేదో చేత్తో ఊపి చూశాకే తల బయట పెట్టు. రాత్రిపూట ట్యాంకు కదులుతుంటే ముందు ఒక మనిషి నడవాల్సిందే, అలసిపోయామని ఆ పని మానొద్దు.

అమ్మకి చెప్పు, శాంతికాలంలో ట్యాంకు మనిషి రోజు ఎక్కువగా స్పానర్‌తోనూ గ్రీజుతోనూ గడుస్తుందని. అది అబద్ధం కాదు. యుద్ధం వస్తే ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను, ఇచ్చేవాడి మాట నమ్మొద్దని కూడా ఆమెకి చెప్పు.

ట్రేడ్ ఏది కావాలని అడిగే అవకాశం వస్తే, గన్నర్‌నై ఉండి చెప్తున్నాను, డ్రైవర్ అని చెప్పు. ట్యాంకు ఒంట్లో బాగున్నదీ లేనిదీ మొదట తెలిసేది అతనికే. అయితే టీ-72లో గన్ సరిగ్గా డ్రైవర్ హ్యాచ్ పైకి వచ్చి ఆగితే ఆ హ్యాచ్ తెరుచుకోదు. సీటు వెనక అడుగున ఇంకో దారి ఉంది గానీ అది ఇరుకు. టరెట్ పక్కకి తిప్పి ఆపాల్సింది గన్నరే. మా డ్రైవర్ ఇప్పటికీ ఫోన్ చేస్తే హలో అనడు, 'టరెట్ తిప్పావా?' అంటాడు. ఇంజిన్ ఆపే ముందు ప్రతిసారీ అతను అడిగిన మాట అది. నీ గన్నర్‌ని నువ్వు కూడా మొదటి రోజు నుంచే అడుగు.